ఇంటిదాకా

కారు ఎండిన ఏట్లోకి దిగబోతుంటే, నల్ల అబాయా వేసుకున్న ఒకామె రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడింది.

కౌండిన్య గబుక్కున బ్రేకు తొక్కాడు.

అసలే ఆలస్యం. ఏటికి అవతల ఖర్జూరం తోటలో జనరల్ మేనేజర్ శ్రీరామచంద్రమూర్తిగారి పిక్నిక్. ఒమాన్‌లోని ఆ కంపెనీలో మనుషుల్ని ఏరి ఏరి ఇంటికి పంపేస్తున్న రోజులు. పెద్దాయన నోరారా పిలిచాక అందరికంటే వెనక చేరితే, తన కాంట్రాక్టు గతి దేవుడికే తెలియాలి.

"క్యా హై?" అని అరిచాడు.

కారులో మోగుతున్న తెలుగు పాట విని ఆమె మొహం విప్పారింది.

"మనోళ్లేనా! అన్నా, ఈ వాదీలోకి, ఈ ఏట్లోకి దిగొద్దన్నా. నీళ్లొస్తాయి."

కౌండిన్య పైకి చూశాడు. ఎండ చుర్రుమంటోంది.

"వానేది తల్లీ?"

"ఈడ పడాల్సిన పనే లేదన్నా. ఆ కొండ మీద మోడం సూడు. ఆడ పడితే సాలు, ఈడికి ఒక్క దూకున వస్తాయి."

దూరంగా కొండ నెత్తిన నల్లటి మబ్బు ఉన్నమాట నిజమే. కౌండిన్యకు మాత్రం నవ్వొచ్చింది.

"నేను గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి. వరదంటే ఏమిటో నాకు చెప్పకు. పక్కకు జరుగు."

గోదావరి ముందు కబురు పంపి, మెల్లగా మెట్లెక్కి వచ్చే ఏరు. ఏరులన్నీ అంతేనని అతని నమ్మకం.

ఫోన్ మోగింది, పిక్నిక్ దగ్గర్నుంచి. "ఎక్కడయ్యా? సార్ రెండుసార్లు అడిగారు."

"వచ్చేశానండీ, ఏట్లోనే ఉన్నా."

ఆమె వెనక సీట్లోకి చూసింది. కౌండిన్య కూతురు రిషిత బొమ్మను ఒళ్లో పెట్టుకుని నిద్రపోతోంది.

అంతే, ఆమె కడుపు పట్టుకుని కారు ముందే కూలబడింది.

"నొప్పి... తట్టుకోలేకుండా ఉండాను. వెనకాల ఊరికాడ దింపక్కా, నీకు పున్నెముంటాది."

"ఇదో కొత్త నాటకం!" కౌండిన్య పళ్లు కొరికాడు.

"ఆడమనిషి అల్లాడిపోతుంటే నాటకమంటారేంటండీ?" అతని భార్య శేషుకుమారి అప్పటికే ముందు సీట్లోంచి దిగి, ఆమెను లేవదీసి వెనక సీట్లో కూర్చోబెట్టింది. "ఊరు పక్కనే కదా, తిప్పండి."

కారు వెనక్కి తిరిగింది. కౌండిన్య కోపమంతా గేర్ల మీద చూపించాడు.

ఊరి మొదట్లో మసీదు కనబడగానే ఆమె, "ఈడ సాలక్కా, దింపేయండి," అంది కంగారుగా.

"అదేం మాట! నొప్పితో ఉన్నదాన్ని నడిరోడ్డున వదిలేసి పోతామా? ఇంటిదాకా దింపి, మీవాళ్లకు అప్పజెప్పే వెళ్తాం."

"వద్దక్కా..."

"మొహమాటపడకు," అంది శేషుకుమారి.

ఇల్లెక్కడని అడిగితే, ఇళ్లకు సరుకులు చేరవేసే కిరాణా కొట్టు గులాం నబీ ఆమెను గుర్తుపట్టి, ఎత్తయిన ఇనప గేటొకటి చూపించాడు. కౌండిన్య హారన్ మోగించాడు. గేటు తెరుచుకుంది. ఎవరిదో చెయ్యి ఆమె మణికట్టు పట్టి లోపలికి లాగింది. లోపల గడియ పడింది.

వెళ్లేటప్పుడు ఆమె కడుపు పట్టుకోలేదు.

"చూశావా? నొప్పీ లేదు గిప్పీ లేదు. మనల్ని వెర్రివాళ్లను చేసింది!"

ఉక్రోషంగా కారు ఉరికించాడు.

ఏటి దగ్గరికి వచ్చేసరికి కార్లు బారులు తీరి ఉన్నాయి. ఒమానీ పెద్దాయన ఒకాయన చేతికర్ర అడ్డంపెట్టి అందర్నీ ఆపుతున్నాడు.

చినుకైనా పడలేదు. కానీ ఏరు నిండా ఎర్రటి నీళ్లు. బండరాళ్లు గులకరాళ్లలా దొర్లుతున్నాయి. వేళ్లతో సహా ఓ ఖర్జూరం చెట్టు కొట్టుకుపోయింది.

కౌండిన్య ఇంజను ఆపేశాడు. ఆమె ఆపకపోయుంటే సరిగ్గా ఏటి నడుమ ఉండేవాళ్లు. ముగ్గురూ.

శేషుకుమారి కూతుర్ని గుండెకు హత్తుకుని ఏడ్చేసింది.

"పదండి. ఆ మహాతల్లికి దణ్ణం పెట్టి వద్దాం."

"పద," అన్నాడు కౌండిన్య. పిక్నిక్ సంగతి అతనికి గుర్తే లేదు.

ఇంతలో ఓ పికప్ వచ్చి పక్కన ఆగింది. డ్రైవర్ అటూ ఇటూ వెతుక్కుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"సార్, మా కడప సైడు మనిషి, జైనబీ అని, నల్ల అబాయా... ఈడనే నిలబడతా అనింది. సూసినారా?"

"నువ్వెవరు?"

"జిలానీ సార్. సీబ్ టౌన్లో డ్రైవరు పని. దావలో టైరు పంచరై లేటయింది. ఆ యమ్మను మన ఎంబసీ కాడికి తీస్కపోవాల."

"ఎంబసీకా? ఎందుకు?" శేషుకుమారి ముందుకొచ్చింది.

"పనికి పెట్టుకున్నోళ్లు కొడతారంటక్కా. గడప దాటనియ్యరు. ఎన్నాళ్లకో ఈ పొద్దు గోడ దూకి బయటపడినాదంట. మళ్లీ దొరికితే సంపేస్తారని ఒకటే ఏడుపు ఫోన్లో."

ఆ గేటు ముందు హారన్ కొట్టి మరీ ఆమెను అప్పజెప్పి వచ్చింది తామే.