ముందుకు జరిపిన సీటు

పెద్ద కారు తలుపు మీద మళ్లీ గీత పడింది. పాత గీతల పక్కనే, వాటికంటే లోతుగా.

"ఇదెవరి పని?" అని అడిగింది కూతురు. కార్యాలయంలో కింది ఉద్యోగులను అడిగే స్వరం అది. తండ్రి ముందు స్వరం మార్చుకోవాలని ఆమెకు తోచలేదు.

"నాదే," అన్నాడు తండ్రి. "గేటు దగ్గర అంచనా తప్పింది."

"స్తంభం ఎప్పుడూ ఉన్న చోటే ఉంది కదా నాన్నా. దానికేమీ కాళ్లు రాలేదుగా?"

తండ్రి తల వంచుకున్నాడు. ఆరడుగుల మనిషి తల వంచుకుంటే చూడటం కష్టం. వంటింటి గుమ్మంలో నిలబడిన, అతడి భుజాలకైనా అందని తల్లి ముఖం అతడి ముఖం కంటే ఎక్కువ వాడిపోయింది.

"అది కాదే, మీ నాన్న..."

"నువ్వు వెనకేసుకురాకమ్మా. పక్కన కూర్చునేది నువ్వే. దారిలో ఈయనకేమన్నా అయితే ఏం చేస్తావు? బ్రేకు ఎక్కడుంటుందో కూడా తెలీదు నీకు."

తల్లి నోరు తెరిచి, తండ్రి వైపు చూసి, మూసుకుంది.

పెద్ద కారు అమ్మేసి, చిన్నదీ నడపడానికి సులువైనదీ అయిన ఒక పాత కారు కొనాలని కూతురు తీర్మానించింది. తండ్రి గొడవపెడతాడనుకుంది.

"చిన్నదే మేలు. నేనూ అదే అనుకుంటున్నా," అన్నాడతడు.

ఇంత తేలిగ్గా లొంగిపోవడం ఆమెకు మంచి లక్షణంగా కనిపించలేదు. తండ్రిని ఈ ఒక్కరోజూ జాగ్రత్తగా గమనించాలనీ, తేడా కనిపిస్తే చిన్న బండి తాళాలు కూడా అతడికి ఇవ్వకూడదనీ మనసులో అనుకుంది. ఆ ఇల్లు ఊరికి దూరం. బస్సు ఆ మలుపు దాకా రాదు. తాళాలు పోతే ఆ దంపతులకు మందుల దుకాణమూ, గ్రంథాలయమూ, నలుగురి ముఖాలూ పోయినట్టే. అది ఆమెకు తెలియనిది కాదు.

పాత కార్ల వ్యాపారి మాటకారి. మొదట చూపిన కారులో తండ్రి కాళ్లూ భుజాలూ చక్కగా ఇమిడిపోయాయి.

"మీ కొలతలకే కుట్టించినట్టుంది సార్."

తండ్రి వినిపించుకోలేదు. సీటులో కిందికి జారి, గడ్డం స్టీరింగు ఎత్తుకు తెచ్చుకుని, అద్దంలోంచి ముందుకు చూశాడు.

"ఇది వద్దు. బండి మూతి ఎక్కడిదాకా ఉందో కనబడటం లేదు."

"నిటారుగా కూర్చుంటే కనబడుతుంది నాన్నా," అంది కూతురు, పళ్ల బిగువున.

రెండోదీ వద్దన్నాడు. మూడోది నీలం రంగు బుల్లికారు. తండ్రి దాని సీటును మోకాళ్లు స్టీరింగుకు ఒరుసుకునేదాకా ముందుకు జరిపాడు. తల పైకప్పుకు తగిలేదాకా పైకి లేపాడు. వెనక దారి చూపే నడిమి అద్దాన్ని తన మెడ తప్ప మరేమీ కనిపించనంతగా కిందికి వంచాడు. ఆపైన జేబులోంచి రెండు ముడులు వేసిన దారం తీసి, సీటు వీపు నుంచి బ్రేకు దాకా కొలిచాడు.

"సార్, సీటు వెనక్కి కూడా జరుగుద్ది," అన్నాడు వ్యాపారి. "దానికి వేరే డబ్బులు తీసుకోను."

పక్క కారు చూస్తున్నవాళ్లు కూడా నవ్వారు. కూతురి చెవులు వేడెక్కాయి.

"ఏమీ అనుకోకండి. వయసైపోయింది," అని గొంతు తగ్గించి వ్యాపారికి చెప్పింది.

తండ్రికి మందగించినవి కళ్లే. చెవులు కావు. దారాన్ని నెమ్మదిగా వేలికి చుట్టుకుంటూ, ఎవరి ముఖమూ చూడకుండా, "ఇది తీసుకుందాం," అన్నాడు.

"ఒక చుట్టు నడిపి చూస్తారా సార్?"

"అమ్మాయి నడుపుతుంది."

ఆమె నడిపింది. తండ్రి పక్క సీటును వెనక్కి నెట్టి కాళ్లు చాపుకున్నాడు.

"చిన్నదైనా కాళ్లు బాగానే పడుతున్నాయి."

"నువ్వు కూర్చునేది అక్కడ కాదు నాన్నా."

"అవునవును," అన్నాడతడు తడబడుతూ.

కూతురికి కారు నేర్పింది ఈ మనిషే. నడిరోడ్డు మీద బండి ఆగిపోయి, వెనక హారన్లు మోగుతుంటే ఆమె ఏడ్చిన రోజున ఈయన ఒక్కసారి కూడా నవ్వలేదు. ఎవరినీ నవ్వనివ్వలేదు. ఇవాళ తాను నవ్వనిచ్చింది.

సాయంత్రం వ్యాపారి స్వయంగా బండి తెచ్చి ఇంటి ఆవరణలో నిలిపాడు. తండ్రి లోపల కూర్చుని సీటును మళ్లీ మోకాళ్లు ఒరుసుకునేదాకా ముందుకు లాగాడు. మళ్లీ దారం తీశాడు. మళ్లీ అద్దం వంచాడు. వ్యాపారి ఈసారి హాస్యమాడలేదు. కూతురి వైపు జాలిగా చూశాడు. ఆ జాలిని భరించడం నవ్వును భరించడం కంటే కష్టమైంది.

తండ్రి ఒళ్లు కూడదీసుకుని కారు దిగాడు. ఆమె చెయ్యి చాచింది.

"తాళాలు ఇలా ఇచ్చెయ్ నాన్నా. ఇక నువ్వు నడపొద్దు."

"నేను నడపనులేమ్మా," అన్నాడు తండ్రి శాంతంగా.

కూతురు చాచిన ఆ చేతిని దాటి అతడు వెళ్లి, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్న తల్లికి తాళాలు అందించి, తిరిగి వచ్చి పక్క సీటులో కాళ్లు చాపుకోగా, తల్లి స్టీరింగు ముందు కూర్చుని, సీటునుగానీ అద్దాన్నిగానీ వెంట్రుకవాసి కదపకుండా, బండిని వెనక్కి తీసి, రెండు స్తంభాలకూ తగలకుండా గేటు దాటించింది.