పురుగు మెచ్చిన ఆకు

"కొంప మునిగింది అమ్మమ్మా, నీ బొమ్మలో ఆకుని పురుగు కొరికేసింది," అంది మనవరాలు. బయట ప్రదర్శనశాల వాళ్ల వ్యాను హారన్ కొడుతోంది.

తమ కొండజాతి పద్ధతిలో ఆకుపసరూ చెట్టుబంకా కలిపి, అమ్మమ్మ మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని నెలరోజులు గుడ్డమీద వేసిన చెట్టు అది. మనవరాలు చెప్పు తీసింది.

"ఆగవే. ఇన్ని ఆకులుండగా ఏది తింది?"

"ఈ కొసదొక్కటే."

అమ్మమ్మ మోకాళ్ల నొప్పులు మరిచి గంతేసింది. "మిగతావి ఉత్త బొమ్మలని కనిపెట్టేసింది దొంగముండ. అరవై ఏళ్లకి నాకొక్క ఆకు కుదిరిందే."

పురుగు మెల్లగా పక్క ఆకు మీదికి పాకి తలెత్తింది. మనవరాలు చెప్పు కింద పెట్టేసి ఊపిరి బిగబట్టింది. హారన్ మళ్లీ మోగింది.

"వ్యాను అతన్ని కాసేపు ఆగమను అమ్మమ్మా," అంది గుసగుసగా. "ఇప్పుడు అదెక్కింది నేను వేసిన ఆకు."