మూడో అంతస్తు గంట

మూడో అంతస్తులో గంట గణగణా మోగింది. కాంక్రీటు పంపు ఆగిపోయింది. స్లాబ్ మీద ఉన్నవాళ్లంతా ఎక్కడి పని అక్కడే వదిలేసి మెట్ల దగ్గరికి వచ్చేశారు.

ఆ గంట పెట్టించింది కొత్తగా వచ్చిన ఇంజినీరమ్మ. ప్రమాదం అనిపిస్తే ఎవరైనా కొట్టొచ్చు, కొట్టినవాణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు అని ఆవిడ నియమం. "పిల్లి మెడలో గంటయితే కట్టారు, మోగించే ఎలుక ఏదీ?" అని సైటంతా నవ్వుకుంది. నెల దాటినా దాన్ని తాకిన నాథుడు లేడు.

తీరా ఇవాళ కొట్టింది సెంట్రింగ్ మేస్త్రి. నోట్లో నాలుక లేని మనిషి.

"అంచున రెయిలింగ్ ఊగినట్టనిపించింది మేడమ్," అన్నాడు నేలచూపులు చూస్తూ.

కాంట్రాక్టర్ రొప్పుతూ వచ్చాడు. "అనిపించిందా? అక్కడ కాంక్రీటు గట్టిపడిపోతోందయ్యా! మేడమ్, వీణ్ణి ఇప్పుడే పనిలోంచి తీసెయ్యండి. లేకపోతే రేపట్నుంచి ప్రతివాడూ కొడతాడు."

"కొట్టాలనేగా పెట్టాను," అంది ఇంజినీరమ్మ.

ఇంతలో ఓనర్ ఫోన్. అవతలి అరుపులు అందరికీ వినిపించాయి. "పని ఆపింది నేనే సార్. చూసుకున్నాక మొదలుపెడతాను," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

సేఫ్టీ బెల్టు తగిలించుకుని అంచు పొడుగునా ఒక్కో పైపునూ ఊపి చూసింది. ఒక్కటీ కదల్లేదు.

"చెప్పానా!" కాంట్రాక్టర్ మొహం వెలిగిపోయింది. "ఇక పంపించెయ్యండి."

కూలీలంతా ఆవిడ మొహమే చూస్తున్నారు. ఇప్పుడు మాట తప్పితే ఆ గంటను ఇంకెవరూ ముట్టరని ఆవిడకు తెలుసు.

"మేస్త్రి సరైన పనే చేశారు. అనుమానం తప్పయింది, సంతోషించండి. నిజమైతే ఏడవాలి. ఆయన రేపూ పనికి వస్తారు. పంపు ఆన్ చెయ్యండి."

ఎవరో చప్పట్లు కొట్టారు. కాంట్రాక్టర్ పళ్లు నూరుకుంటూ కిందికి దిగిపోయాడు.

అందరూ పనిలో పడ్డాక ఆవిడ మేస్త్రిని పక్కకి పిలిచింది.

"ఆ రెయిలింగ్ బిగించింది మీరే కదా. అది ఊగదని మీకు తెలీదా?"

"తెలుసు మేడమ్."

"మరెందుకు కొట్టారు?"

మేస్త్రి మొదటిసారి తలెత్తాడు.

"కొడితే మీరు మాట మీద నిలబడతారో లేదో చూద్దామని మేడమ్. రేపట్నుంచి మా అమ్మాయి ఇక్కడ పనికొస్తోంది."