ట్రైలర్ చివరి ముక్క

ఆ పొద్దున పట్టిన మబ్బు పదకొండైనా విడవలేదు. చినుకు రాల్చని ఆకాశం నీళ్ళలో తడిపిన గోనెపట్టాలా సముద్రం మీదికి వేలాడుతోంది. ఓడలరేవులో సరుగుడు తోట వెనక ఉన్న పెంకుటింటి ముందు శారోన్ స్కూటీ ఆపగానే, ఆ ఇంటావిడ వీరాయమ్మ గబగబా ఎదురొచ్చి దారికి అడ్డంగా నిలబడింది.

"సినిమావోళ్ళా మీరు?"

"ఆయ్. నా పేరు శారోన్ అండి, అమలాపురం. ట్రైలర్ ఎడిట్ చేసింది నేనేనండి."

"లోపలికి రాకండి. ఏదున్నా ఇక్కడే చెప్పండి. చిన్నగా చెప్పండి."

శారోన్ స్కూటీ పక్కనే నిలబడి చెప్పుకొచ్చింది. మొదట ట్రైలర్ రెండున్నర నిమిషాలు చేసింది. అందులో పాటలు, కొట్లాటలు, ఏడుపులు అన్నీ ఉన్నాయి. చూసినవాళ్ళు కథంతా తెలిసిపోయింది, ఇంక హాలుకెందుకన్నారు. అవన్నీ పీకేసి, చివర ఒక్క ముక్క అతికించింది. తెల్లవారుతుండగా పడవ దిగుతున్నవాళ్ళ దగ్గరికి ఒక ముసలావిడ వచ్చి, "మావోడొచ్చేడా?" అని అడిగి వెళ్ళిపోతుంది. తెర నల్లబడుతుంది. అంతే. పది రోజుల్నించి కోనసీమంతా అదే మాట. రాజోలు బస్సులో కాలేజీ పిల్లలు ఒకళ్ళనొకళ్ళు అదే అడుగుతున్నారు.

"నటి అనుకున్నానండి మిమ్మల్ని. మా కెమెరామన్ దూరంనుంచి తీసేడంట, మీకు తెలీకుండా. మీరు నిజంగానే మీ అబ్బాయి కోసం అడుగుతున్నారని నిన్న తెలిసింది. రాత్రంతా నిద్రపట్టలేదండి. రేపు సినిమా రిలీజు. అది తీసేస్తే ట్రైలర్లో ఇంకేం మిగులుతుందని మా ప్రొడ్యూసరుగారు కేకలేసేరు. అయినా సాయంత్రంలోగా తీసేస్తాను."

"తియ్యకూడదు," అంది వీరాయమ్మ.

"అదేంటండి?"

"తీసేత్తే మాయాయనకి అనుమానం వత్తాది. రోజుకి పదిసార్లు ఫోనులో అదే చూత్తన్నాడు." వీరాయమ్మ ఓసారి ఇంటివైపు తిరిగి చూసి, గొంతు ఇంకా తగ్గించింది. "ఏడు నెలలైందమ్మా. మా లోవరాజు ఎక్కిన పడవ బోల్తా పడిందన్న కబురుకే మాయాయనకి కాలూ చెయ్యీ పడిపోయేయి. మూడోరోజు పిల్లోడు అంతర్వేది కాడ ఒడ్డుకి కొట్టుకొచ్చేడు. చేతి మీద పచ్చబొట్టు చూసి నేనే గుర్తుపట్టేను. అక్కడే మట్టిచ్చేసేరు. ఆయనతో మాత్రం దొరకలేదని చెప్పేను. ఊరు ఊరంతా ఆ మాట మీదే ఉంది."

"మరి రోజూ ఒడ్డుకెళ్ళి అడగడం?"

"ఆయనకి ఇనపడాలి గదా. మంచం కిటికీ పక్కనే. అందుకే గట్టిగా అడుగుతాను. పడవోళ్ళు తలొంచుకుంటారు పాపం. ఇంటికొచ్చి ఇయ్యాల కూడా రాలేదంటాను. ఆయన 'సరే, వాడొచ్చేసరికి నేను లేచి నిలబడాలి' అని, పెట్టింది తింటాడు. కబురు తెలిసిందంటే ఆ తిండి మానేత్తాడు."

సరుగుడు చెట్లలో గాలి ఒకటే మోత.

"సినిమాలో ఏమవుద్ది? వాడొత్తాడా?" అనడిగింది వీరాయమ్మ.

"ఆ ముక్క సినిమాలో లేనే లేదండి. ట్రైలర్ కోసం పెట్టిందే."

"మరి జనం ఊరుకుంటారా?"

"తిడతారండి."

"తిట్టనీండి. ఓ పూట తిట్టుకుని ఇళ్ళకి పోతారు. మీకు దణ్ణం పెడతాను, ఉంచెయ్యండి. ఆయన దగ్గర నోరు జారకండి."

"ఉంచేస్తానండి. చెప్పను," అంది శారోన్.

లోపల్నించి దగ్గు, వెనకే మాట వినిపించింది. "ఎవరే?"

"ట్రైలరు చేసిన అమ్మాయిగారంట."

"అన్నం వేళకొచ్చిన మనిషిని బయట నిలబెట్టేసేవా? ఏం మర్యాదే అది? లోపలికి రమ్మను."

వీరాయమ్మ శారోన్ చెయ్యి గట్టిగా నొక్కి వదిలింది.

త్రిమూర్తులు మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి ఒళ్ళో పడి ఉంది. కుడి చేతిలో ఫోను. "రండమ్మా, కూర్చోండి. మావోళ్ళకి మాటసాయం ఎక్కువ, కుర్చీలు తక్కువ. ఆ పీటే గతి," అన్నాడు.

వీరాయమ్మ మూడు కంచాలు పెట్టి అన్నం, ఆనపకాయ పులుసు వడ్డించింది. చెంబు తీసుకుని నీళ్ళకి పెరట్లోకి వెళ్ళింది. బోరింగు కిర్రుమనడం మొదలెట్టింది.

"బాగా చేసేరండి ట్రైలరు," అన్నాడు త్రిమూర్తులు.

"ఏదోనండి."

"ఇన్నాళ్ళూ ఈ మంచం మీదికి మాయావిడ మాటే ఇనపడేది. అక్కడ మనిషి ఎలా ఉంటాదో కనపడేది కాదు. మీ పుణ్యమా అని కళ్ళారా చూసేను." అతను పెరటి గుమ్మం వైపు ఓసారి చూసి, ఫోను బోర్లా పెట్టేడు. "అమ్మాయిగారూ, ఓ సాయం చెయ్యాలి. నాకు తెలిసిపోయిందని తనకి చెప్పకండి. నాకోసం చెప్పే ఆ అబద్ధం పట్టుకునే పొద్దున్నే లెగుత్తంది."

శారోన్ కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. "ఏం తెలిసిందండి? ఎవరు చెప్పేరు?"

"మీ ట్రైలరేనండి. వచ్చేడా అని అడిగిన మనిషి, జవాబు కోసం ఆగాలి గదా. మాయావిడ ఆగలేదు."

వీరాయమ్మ నీళ్ళచెంబుతో వచ్చి తన కంచం ముందు కూర్చుంది. ముగ్గురూ తలలు వంచుకుని అన్నం తిన్నారు.