సీసా మీది పొట్టేలు

"ఈ పొట్టేలు నవ్వుతున్నట్టుంది," అన్నాడు అల్గొట్, కాగితాన్ని బల్ల మీద వెనక్కి తోస్తూ. "నవ్వే పొట్టేలు నా బీరుకి నప్పదు."

సిగ్నె కళ్ళజోడు తీసి కాగితం మీద పెట్టింది.

"కిందటి వారం ఏడుస్తున్నట్టుందన్నారు. అంతకుముందు కొమ్ములు మరీ మెలిక తిరిగాయన్నారు. అసలు మీకు పొట్టేలు కావాలా, వద్దా?"

"కావాలి. కాకపోతే కొంచెం గంభీరంగా ఉండాలి."

"పొట్టేలుకి గాంభీర్యం నన్నెక్కణ్ణించి తెమ్మంటారు? పోయి ఒకసారి మన ఊరి గొర్రెల మొహాలు చూసి రండి."

అల్గొట్ ఇంకో యాలకుల బన్ను అందుకున్నాడు. గోట్లండ్ దీవిలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఆ ఊళ్ళో అతని చేతి బీరుకి ఉన్న పేరు వేరు. ఆకులు రాలే కాలంలో జరిగే పోటీలో ఈ ఏడు సీసా మీద అంటించే లేబుల్‌కి కూడా బహుమతి పెట్టారు. అందుకని మంచు కరిగిన కొత్తలో ఒకరోజు, బడిలో బొమ్మలు నేర్పి రిటైరైన సిగ్నె ఇంటి తలుపు తట్టాడు. అప్పట్నించీ ప్రతి గురువారం వస్తున్నాడు. వేసవి కూడా అయిపోవచ్చింది. లేబుల్ మాత్రం తేలలేదు.

ఆమె చేసే పని శ్రద్ధగానే చేసింది. చల్లటి సీసాకి చెమ్మ పడితే రంగు కారుతోందని సిరా మార్చింది. జిగురు పెడితే కడిగేటప్పుడు ఓ పట్టాన ఊడి రాదని, కాగితం వెనక పాలు రాసి అంటించింది. అంటించిన సీసాని అల్మరా మీద పెట్టి, గదిలో ఆ మూల నుంచీ ఈ మూల నుంచీ చూసేది. మధ్యమధ్య ప్రశ్నలు.

"ఈసారి రంగు ఎలా వచ్చింది? తేనెలానా, తారులానా?"

"రెండిటికీ మధ్య."

"అంటే?"

"అంటే... పాత గుర్రపు జీను లాగా."

ఆమె గోధుమరంగు పెన్సిళ్ళన్నీ ముందు పోసుకుని, "ఏ గుర్రం జీను?" అనేది.

అతను కాఫీ చప్పరిస్తూ ఆ గుర్రం గురించి మొదలుపెట్టేవాడు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది.

ఈ గురువారం మాత్రం అలా కూర్చోలేదు. పెన్సిల్ పక్కన పడేసి లేచింది.

"ఇది తెమిలేలా లేదు. రుచి చూడని బీరుకి బొమ్మ ఏం గీస్తాను? పదండి మీ సెల్లార్‌కి. ఒక్క గుక్క తాగితే ఆ పొట్టేలు మొహం ఎలా ఉండాలో నాకే తెలుస్తుంది."

అల్గొట్ చేతిలో బన్ను ఆగిపోయింది. "ఇంకా పులుస్తోంది. ఇప్పుడు కదిపితే పాడవుతుంది."

"కదపను. చూస్తాను, అంతే."

"మా సెల్లార్ మెట్లు బాగా లేవు."

"నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి," అంటూ ఆమె స్వెట్టర్ తగిలించుకుంది.

అతని ఇల్లు అదే వీధిలో ఆ చివర. వాకిట్లో నిలబడి తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకున్నాడు. అది అతని ఎడమచేతిలోనే ఉందని ఆమె వేలు పెట్టి చూపించింది.

కిందికి దిగి దీపం వేశాడు. పెద్ద రాగి గుండిగ బోర్లించి ఉంది. చెక్క పీపాకి మూత లేదు. లోపల సాలీడు తీరిగ్గా గూడు అల్లుకుంది. గోడ వారన కడిగి ఆరబెట్టిన సీసాలు, అన్నీ ఖాళీవే.

సిగ్నె పీపాలోకి వంగి చాలాసేపు చూసింది.

"ఈ ఏడు కాచలేదు," అన్నాడు అల్గొట్ ఆమె వీపు వంక చూస్తూ. "చలికాలం జ్వరం వచ్చి పోయింది కదా, దాంతోపాటు నా ముక్కూ పోయింది. ఏ వాసనా తెలియడం లేదు. పొగబెట్టిన బార్లీ మాల్టు మాడినా తెలీదు, పీపాలోది పాడైనా తెలీదు. అలాంటివాడు బీరేం కాస్తాడు? సిగ్గేసి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు."

"మరి లేబుల్ దేనికి?"

అతను టోపీ తీసి చేతుల్లో గుండ్రంగా తిప్పాడు.

"బాగుందని ఒప్పేసుకుంటే, మళ్ళీ గురువారం మీ ఇంటికి రావడానికి నాకు పనేముంటుంది?"

ఆమె పీపా అంచు మీది దుమ్ము వేలితో తుడిచింది. తను వంక పెట్టి పక్కన పడేయించిన బొమ్మలన్నీ అతనికి గుర్తొచ్చాయి. ఒక్కోదానికి ఆమె ఎంతెంతసేపు తల వంచుకుని కూర్చుందో గుర్తొచ్చింది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది. వెళ్ళిపోతుందేమోనని మెట్ల దగ్గర్నించి పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు.

సిగ్నె మెట్ల వైపు వెళ్ళలేదు. ఖాళీ సీసాల పెట్టె ఒకటి బోర్లించి దాని మీద కూర్చుంది. కూర్చుని, పక్కకి కొంచెం జరిగింది.

"మీకు కోపం రాలేదా?" అన్నాడు అల్గొట్.

"నువ్వు మాల్టు ఉడకేసిన రోజు ఆ పొగకంపుకి ఈ వీధి వీధంతా కిటికీలు బిగించుకుంటుంది అల్గొట్. ఈ ఏడు ఒక్కరోజు కూడా మేమెవరం కిటికీ మూయలేదు."