ఇరవై మూడో గడి

"చెప్పను" అంది షీబా.

"ఇంకోసారి ఆలోచించుకో" అన్నారు హెచ్.ఓ.డి. భూషణం గారు.

"ఆలోచించే చెప్పనంటున్నానండీ."

టేబుల్ మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి క్షమాపణ పత్రం. రెండోది సస్పెన్షన్ ఆర్డరు. పన్నెండు కొట్టేలోగా మొదటిదాని మీద షీబా సంతకం పెట్టాలి. లేదా రెండోదాని మీద భూషణం గారు పెడతారు. ఏడాది పాటు యూనివర్సిటీ గేటు తొక్కకూడదు. సస్పెన్షనే తప్ప సస్పెన్సేమీ లేదు.

బందరు శివార్లలో ఓ ప్రైవేటు యూనివర్సిటీ అది. పేరెందుకు లెండి. అందులో కంప్యూటర్ సెక్యూరిటీ డిపార్టుమెంటు. అక్కడ షీబా చేసిన నేరం ఒక్కటే. పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వలేదు.

ఇదంతా పది రోజుల కిందట, కొత్త సారు వచ్చినప్పుడు మొదలైంది. అప్పటికి రెండు నెలలుగా పాఠం చెప్పే దిక్కు లేదు. బోర్డు తెల్లబోయింది, పిల్లలు నల్లబోయారు. ఆ ఉదయం టై కట్టుకుని, చేతిలో లడ్డూల పెట్టెతో ఓ మనిషి గుమ్మంలో కనబడగానే భూషణం గారు ఎదురెళ్ళారు.

"గిరీష్ గారేనా?"

"అవునండీ."

"మీదే ఊరండీ?"

"శ్రీకాకుళమండీ."

"అబ్బో, అంత దూరమా!"

"కాదండీ, మన కృష్ణ ఒడ్డు శ్రీకాకుళం."

"ఓర్నీ! అక్కడ గుడి వీధిలో పచ్చగేటు ఇల్లు మా మేనత్తదే!"

"ఆ పక్కిల్లే మాదండీ."

"అంటే సత్యవతమ్మ గారి తాలూకా?"

"మనవణ్ణండీ."

"అయితే నువ్వు నాకు బావ వరసయ్యా!"

ఆఫీసు దేవమ్మ ఆయన కాగితాలు సరిచూద్దామని ఫైలు తెరవబోయింది.

"మనవాడేనమ్మా, మూసెయ్. ముందు కాఫీ చెప్పు" అన్నారు భూషణం గారు.

వరస కలిసింది. ఆ తర్వాత వరసగా అన్నీ కలిశాయి. ల్యాబ్ తాళాలు సారు జేబులోకి వెళ్ళాయి. తాళాలు వెయ్యడం నేర్పాల్సిన డిపార్టుమెంటు మొత్తం ఆయన మాటకి తాళం వేసింది.

పాఠం మాత్రం అద్భుతం. ఫైర్‌వాల్ గురించి చెబుతుంటే క్లాసు గోడలు కూడా చెవులు రిక్కించాయి. మొదటి రోజే బోర్డు మీద ఇంతింత అక్షరాలతో రాశారు: 'పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదు.'

వారం తిరిగేసరికి ఓ రిజిస్టరు తెచ్చారు.

"మీ యూనివర్సిటీ పాస్‌వర్డ్‌లు గట్టివో కాదో చూస్తాను. రోల్ నంబర్ల వారీగా రాయండి. దీనికి మార్కులున్నాయి."

పిల్లలకి ఆదర్శంగా ఉండాలని భూషణం గారే అన్నిటికన్నా పైన తనది రాశారు. అది ఆయన కారు నంబరు. కింద నలభై గడుల్లో ముప్ఫై తొమ్మిది నిండాయి. ఇరవై మూడోది ఖాళీ.

"ఏమ్మా షీబా?"

"ఎవరికీ చెప్పొద్దని మీరే రాశారు కదండీ."

"ఎవరికీ అంటే నాకు కాదమ్మా."

"ఆ 'ఎవరికీ'లో మీరు లేరా సార్?"

క్లాసు గొల్లున నవ్వింది. సారు నవ్వలేదు.

ఆ రోజు నుంచి షీబాకి వరండాయే క్లాసు. మూడు రోజులు నిలబడింది. మాట మీద కూడా.

"ఏదో ఒక దొంగ పాస్‌వర్డ్ రాసి పడెయ్యవే, ఎవడు చూడొచ్చాడు?" అంది ఫ్రెండ్ ఇంద్రజ.

"గడి నిండితే ఇచ్చినట్టే లెక్క. నేనివ్వలేదని అందరికీ కనబడాలి."

ఇదిగో, నాలుగో రోజు ఇక్కడ, ఈ గదిలో. అవనిగడ్డలో కుట్టుమిషను ఆపేసి, మొదటి బస్సెక్కి వచ్చిన తల్లి మార్తమ్మ కూడా పక్కనే ఉంది.

"చూడండమ్మా మీ అమ్మాయి పొగరు!" అన్నారు భూషణం గారు. "అడిగింది దారిన పోయే దానయ్యా? గిరీష్ గారు! స్వయానా మా బావ!"

మార్తమ్మ కూతురి వైపు తిరిగింది. "ఏమే, ఇస్తే ఏమవుద్ది?"

"ఏమవుద్దో నేర్చుకోమనేగా అమ్మా నన్నిక్కడ చేర్పించావు."

మార్తమ్మ కొంగు సర్దుకుంది.

"సారూ, నేను జాకెట్లు కుడతానండీ. మా ఊళ్ళో సగం మంది కొలతలు నా పుస్తకంలోనే ఉన్నాయి. ఒకళ్ళవి ఇంకొకళ్ళకి చెప్పను. వాళ్ళాయనొచ్చి అడిగినా చెప్పను. దీనికి నా బుద్ధే వచ్చింది. కానీండి, ఆ రెండో కాగితం మీద మీరే పెట్టుకోండి సంతకం."

తల్లి చెయ్యి పట్టుకుంది షీబా. తల మాత్రం దించలేదు.

భూషణం గారి మొహం ఎర్రబడింది. "తల్లికి తగ్గ పిల్ల! దేవమ్మా, బావని పిలు. ఆయన ఎదుటే తేల్చేద్దాం."

"ఆయన పొద్దున్నే రిజిస్టరు పట్టుకుని విజయవాడ వెళ్ళారు కదండీ. మీ కారులోనే."

"ఆఁ, నేనే ఇచ్చాను. పాస్‌వర్డే ఇచ్చాక కారెంత!"

గోడ గడియారం పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది. భూషణం గారు రెండో కాగితం దగ్గరికి లాక్కున్నారు. పెన్ను మూత తీశారు.

అంతలో తలుపు తట్టి, భుజాన సంచితో, చేతిలో అపాయింట్‌మెంట్ ఆర్డరుతో ఓ బక్కపలచటి మనిషి లోపలికొచ్చి, "నమస్కారమండీ, నా పేరు గిరీష్, ఇవాళే జాయినవుదామని వచ్చాను" అన్నాడు.