ఆరు గళ్ళ సంచి

"ఈ ఆట చేసినోడు జన్మలో సంచి పట్టుకుని సంతకు పోయినోడు కాదు!" అంటూ అమరేష్ చేతిలోని కంట్రోలర్‌ను పరుపు మీదికి విసిరాడు.

టీవీలో ఆట ఆగి ఉంది. పాడుబడ్డ ఆసుపత్రి. కింద చీకటి గది. అందులో తిరిగే దయ్యాలు. బయటపడాలంటే తాళంచెవి కావాలి. తాళంచెవి దొరికింది కానీ, పెట్టుకోవడానికి సంచిలో చోటు లేదు. ఆ సంచికి ఉన్నవి ఆరే గళ్ళు.

"తుపాకీకీ ఒక గడే, తాళంచెవికీ ఒక గడే! ఇట్లాంటి బుద్ధిలేనోళ్ళకు జీతాలెవరిస్తాండారో! పోనీ, ప్యాంటుకు ఒక జేబన్నా పెట్టినారా?"

రత్న వంటింట్లోంచి తడి చేతులతో వచ్చింది.

"అప్పా, లేచి స్నానం చెయ్యి. చింతామణిలో ఆ ట్రాక్టర్ల షోరూమ్ వాళ్ళు ఈరోజే కదా రమ్మన్నది?"

"ఉండమ్మా. ఈ గది దాటేసి పోతా."

"నిన్న ఇంకోచోట రమ్మన్నప్పుడు కూడా ఇదే మాట చెప్తివి."

రత్న పళ్ళెంలో చిత్రాన్నం తెచ్చి పక్కన పెట్టింది. అమరేష్ టీవీ మీంచి చూపు తిప్పకుండానే ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు.

"మళ్ళా ఉప్పెక్కువ! రోజూ చేస్తాండావు, ఎంతెయ్యల్లో ఇంకా తెలీదా నీకు?"

రత్న ఇస్త్రీ చేసిన చొక్కా తెచ్చి కుర్చీకి తగిలించింది.

"ఈ పని దొరికితే శానా మేలప్పా. ముందువన్నీ ఇట్లే పోగొట్టుకున్నావు."

"ఎండలో రైతుల ఎంటపడి ట్రాక్టర్లు అమ్మల్లనా నేను? అవి చేతకానోళ్ళు చేసే పనులు."

మళ్ళీ ఆటలోకి దిగాడు. సంచిలోంచి ఏది పారేయాలి? చాలాసేపు ఆలోచించాడు. చివరికి టార్చి పారేసి తాళంచెవి తీసుకున్నాడు. చీకట్లో నాలుగడుగులు వేశాడో లేదో, వెనక నుంచి ఏదో మీద పడింది. తెర ఎర్రబడింది. ఆట మళ్ళీ మొదటికొచ్చింది.

"చూస్తివా! టార్చి ఉంటే తాళంచెవికి చోటుండదు, తాళంచెవి ఉంటే టార్చికి చోటుండదు. మనిషన్నోడు ఆడే ఆటేనా ఇది!"

"మరెందుకు ఆడతాండావు?"

నీకేం తెలుసన్నట్టు ఒక చూపు చూసి, అమరేష్ మళ్ళీ మొదలుపెట్టాడు.

వీధిలో హారన్ మోగింది. బాగేపల్లి నుంచి చింతామణి పోయే బస్సు. రత్న కిటికీ దగ్గరికి వెళ్ళి, అది మలుపు తిరిగేదాకా చూసింది.

"బస్సు పోయిందప్పా."

"పోనీ. ఇంకోటి వస్తాది."

"బస్సు వస్తాది. వాళ్ళు ఇంకోసారి పిలుస్తారా?"

అమరేష్ తల తిప్పలేదు.

"నువ్వు పోమ్మా. నీకు ఆలస్యమైతాది."

ఆ చొక్కా కుర్చీ మీదే ఉండిపోయింది. రత్న గ్యాస్ ఆపి, చిత్రాన్నం మీద మూత పెట్టి, చెప్పులేసుకుని బయటికి నడిచింది.

సాయంత్రం అమ్మ గార్మెంట్స్ ఫ్యాక్టరీ నుంచి రాగానే నాన్న ఈరోజూ పోలేదని చెప్పాలా వద్దా అనుకుంటూ, రెండో జడకు రిబ్బను ముడేసుకుని ఐదో తరగతి పిల్లల వరుసలో ప్రార్థనకు నిలబడింది రత్న.